నూనె, వెనిగర్, మధ్యలో ఆవపిండి: గ్రీక్ సలాడ్ డ్రెస్సింగ్ చెప్పే సైన్స్

మూత ఉన్న గాజు సీసాలో కొంచెం వెనిగర్, దానికి మూడింతలు ఆలివ్ నూనె పోసి గట్టిగా కుదపండి. అర నిమిషంలో లోపలి ద్రవం మసకబారి, కాస్త చిక్కబడుతుంది. సీసాను పక్కన పెట్టి కీరా ముక్కలు తరిగేలోపే వెనిగర్ అడుగుకు చేరుతుంది, నూనె పైకి తేలుతుంది. మళ్లీ కుదిపితే మళ్లీ కలుస్తాయి, వదిలేస్తే మళ్లీ విడిపోతాయి.

గ్రీక్ సలాడ్‌ మీద పోసే డ్రెస్సింగ్ చేయడానికి పొయ్యి అక్కర్లేదు, పదిహేను నిమిషాల కంటే ఎక్కువ సమయమూ అక్కర్లేదు. అయితే సీసాలో వేసే ప్రతి పదార్థం గురించి ఒక ప్రశ్న వేసుకోవాలి: ఇది నూనెలో కలిసేదా, నీటిలో కలిసేదా? దీనికి జవాబు తెలిస్తే ఏది ముందు వేయాలో, ఏది తర్వాత వేయాలో తెలుస్తుంది. రుచి ఎందుకు కుదిరిందో, ఎందుకు కుదరలేదో అర్థమవుతుంది. మిగిలిన డ్రెస్సింగ్‌ను ఎక్కడ, ఎన్నాళ్లు ఉంచవచ్చో కూడా ఈ ప్రశ్నే చెబుతుంది. ఆ చివరి విషయంలో పొరపాటు చేస్తే ప్రాణం మీదికి రావచ్చు.

గ్రీస్‌లో అసలు పద్ధతి

మనం గ్రీక్ సలాడ్ అంటున్నదాన్ని గ్రీస్‌లో 'హోరియాటికి' అంటారు. పల్లెటూరి పద్ధతిలో చేసినది అని అర్థం. టమాటా, కీరా, ఉల్లిపాయ, క్యాప్సికం పెద్ద ముక్కలుగా తరిగి, ఆలివ్ కాయలు వేసి, పైన ఫెటా చీజ్ పలకను ఉంచుతారు. ఆకుకూరలు సాధారణంగా వేయరు. డ్రెస్సింగ్‌ను విడిగా కలపడం కూడా అక్కడ అంతగా కనిపించదు. ఉప్పు, ఎండు ఒరెగానో చల్లి, ఆలివ్ నూనె ధారగా పోస్తారు. ఇష్టమైన వారు కాస్త వెనిగర్ చిలకరిస్తారు. తినడం పూర్తయ్యాక పళ్లెం అడుగున టమాటా రసం, నూనె, ఫెటా పొడి కలిసిన ద్రవం మిగులుతుంది. దాన్ని రొట్టె ముక్కతో అద్దుకుని తింటారు.

సీసాలో కలిపి పెట్టుకునే 'గ్రీక్ డ్రెస్సింగ్' ఈ రుచులనే తీసుకుని గ్రీస్ బయట, ముఖ్యంగా అమెరికాలో బాగా వ్యాప్తిలోకి వచ్చిన పద్ధతి. ఇక్కడ చెప్పుకునేది దాని గురించే.

కావలసినవి (నలుగురికి)

• ఆలివ్ నూనె: 6 టేబుల్ స్పూన్లు (90 మి.లీ.)
• ద్రాక్ష వెనిగర్: 2 టేబుల్ స్పూన్లు (30 మి.లీ.). లేకపోతే మామూలు వెనిగర్ లేదా నిమ్మరసం
• ఆవపిండి: అర టీస్పూన్
• వెల్లుల్లి: 1 రెబ్బ
• ఎండు ఒరెగానో: 1 టీస్పూన్
• ఉప్పు: పావు టీస్పూన్ (ఫెటా చీజ్‌ను ఉప్పునీటిలో నిల్వ చేస్తారు కాబట్టి ఇక్కడ తక్కువ చాలు)
• మిరియాల పొడి: చిటికెడు

నూనెకు నీరంటే పడదా?

వెనిగర్‌లో అత్యధిక భాగం నీరే. అందులో ఎసిటిక్ ఆమ్లం సుమారు 5 శాతం ఉంటుంది. అందుకే నూనె, వెనిగర్ల తగువు నిజానికి నూనె, నీళ్ల తగువే.

నూనె నీటిని తోసేస్తుందని చాలామంది అనుకుంటారు. అది సరికాదు. నూనె అణువులకూ నీటి అణువులకూ మధ్య కూడా కొద్దిపాటి ఆకర్షణ ఉంటుంది. కానీ నీటి అణువులు హైడ్రోజన్ బంధాలతో ఒకదాన్నొకటి అంతకంటే చాలా బలంగా పట్టుకుని ఉంటాయి. మధ్యలోకి నూనె అణువు వస్తే ఆ బంధాల అల్లికకు అడ్డం పడుతుంది. నూనె అణువులన్నీ ఒక పక్కకు చేరితే ఈ అడ్డంకి అతి తక్కువగా ఉంటుంది. కాబట్టి నూనె విడిపోవడానికి కారణం నీటి అణువుల మధ్య ఉన్న గట్టి పట్టే.

రెండు ద్రవాలు తాకే తలం వీలైనంత చిన్నదిగా ఉండేలా చూసే ఈ ధోరణినే భౌతికశాస్త్రంలో అంతర్‌తల తన్యత అంటారు. చినుకు గుండ్రంగా ఉండటానికి కారణమైన తలతన్యతకు ఇది దగ్గరి చుట్టమే. సీసాను కుదిపినప్పుడు మనం దీనికి ఎదురు పనిచేస్తున్నాం.

కుదిపినప్పుడు పెరిగేది వైశాల్యం

కదపకుండా ఉన్న సీసాలో నూనె, వెనిగర్ ఒకే ఒక గుండ్రటి తలం దగ్గర తాకుతుంటాయి. సీసా వ్యాసం 7 సెంటీమీటర్లయితే ఆ తలం వైశాల్యం సుమారు 38 చదరపు సెంటీమీటర్లు, అంటే అరచేతిలో సగమంత. ఇప్పుడు ఆ 90 మి.లీ. నూనెను మిల్లీమీటరులో నూరో వంతు వ్యాసం ఉన్న బిందువులుగా చీల్చామనుకుందాం. వాటన్నిటి ఉపరితలాన్ని కలిపితే 54 చదరపు మీటర్లు వస్తుంది. దాదాపు 580 చదరపు అడుగులు, ఒక సింగిల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ అంత! గుప్పెట్లో పట్టే సీసాలో అంత తలాన్ని సృష్టించాం. అది మళ్లీ కుంచించుకుపోవాలని చూడటంలో ఆశ్చర్యం లేదు.

ఇలా ఒక ద్రవం చిన్న బిందువులుగా మరో ద్రవంలో చెదిరి ఉంటే దాన్ని ఎమల్షన్ అంటారు. పాలు అలాంటివే. నీటిలో వెన్న బిందువులు చెదిరి ఉంటాయి. వెన్న దానికి తలకిందులు. అందులో కొవ్వు మధ్య నీటి బిందువులు ఉంటాయి.

ఎమల్షన్ ఎంతసేపు నిలుస్తుందో బిందువుల పరిమాణమే ఎక్కువగా నిర్ణయిస్తుంది. ద్రవంలో చిన్న గోళం ఎంత వేగంగా కిందికి దిగుతుందో, లేదా పైకి తేలుతుందో లెక్కించే సూత్రాన్ని జార్జ్ గాబ్రియెల్ స్టోక్స్ 1851లో ఇచ్చారు. దాని ప్రకారం వేగం గోళం వ్యాసార్ధపు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. వ్యాసార్ధం పదో వంతుకు తగ్గితే వేగం నూరో వంతుకు పడిపోతుంది.

మన సీసాకు ఈ లెక్క వేసి చూద్దాం. ఆవపిండి వేయకుండా కుదిపితే, నూనె ఎక్కువ కాబట్టి, సాధారణంగా వెనిగర్ బిందువులు నూనెలో చెదురుతాయి. వెనిగర్ సాంద్రత ఘన సెంటీమీటరుకు 1.01 గ్రాములు, ఆలివ్ నూనెది 0.91 గ్రాములు. నూనె స్నిగ్ధత నీటి కంటే దాదాపు 80 రెట్లు ఎక్కువ. నూనెలో 3 సెంటీమీటర్ల లోతు దిగడానికి ఒంటరి వెనిగర్ బిందువుకు పట్టే సమయం ఇలా వస్తుంది:

• వ్యాసం 1 మిల్లీమీటరు అయితే: సుమారు 45 సెకన్లు
• మిల్లీమీటరులో పదో వంతు అయితే: సుమారు గంటా పావు
• మిల్లీమీటరులో నూరో వంతు అయితే: సుమారు 5 రోజులు

అలాంటప్పుడు బాగా కుదిపిన సీసా కూడా కొన్ని నిమిషాల్లోనే ఎందుకు విడిపోతుంది? బిందువులు ఒంటరిగా ఉండవు కాబట్టి. ఒకదాన్నొకటి తాకి రెండు కలిసి ఒకటవుతాయి. అవి మరో రెండింటితో కలుస్తాయి. పెద్దవైన కొద్దీ వేగంగా దిగుతాయి. అందుచేత డ్రెస్సింగ్ నిలవాలంటే బిందువులను చిన్నవిగా చేయడంతో సరిపోదు, అవి ఒకదానితో ఒకటి కలిసిపోకుండా చూడాలి.

ఆవపిండి చేసే పని

ఇక్కడే ఆవపిండి అవసరం. ఆవగింజలో ప్రొటీన్లు ఉంటాయి. దాని పైపొరలో నీటిని పీల్చుకుని ఉబ్బే జిగురు పదార్థం ఉంటుంది. పసుపు రంగు ఆవాల్లో ఈ జిగురు ఎక్కువ. ప్రొటీన్ అణువుల్లో కొన్ని భాగాలు నీటిని, మరికొన్ని నూనెను ఇష్టపడతాయి. అందుకే అవి రెండింటి సరిహద్దులో చేరి బిందువు చుట్టూ పొరలా నిలుస్తాయి. రెండు బిందువులు ఢీకొన్నా ఈ పొర వాటిని తేలిగ్గా కలవనివ్వదు. నీటిలో ఉబ్బిన జిగురు, పిండిలోని మెత్తటి రేణువులు కూడా బిందువుల కదలికకు అడ్డుపడతాయి.

మరో మార్పు కూడా జరుగుతుంది. ఆవపిండిలోని ఈ పదార్థాలు ప్రధానంగా నీటి పక్షం. అవి ఉన్నప్పుడు నూనెను కొద్దికొద్దిగా పోస్తూ గిలక్కొడితే, నీరు బయట, నూనె బిందువులు లోపల ఉండే ఎమల్షన్ ఏర్పడుతుంది. నూనె మూడు పాళ్లు, వెనిగర్ ఒక పాలు అయినా సరే, తక్కువున్న వెనిగరే ఎక్కువున్న నూనెను చుట్టుముడుతుంది.

అప్పుడు డ్రెస్సింగ్ క్రీములా చిక్కబడటం గమనిస్తారు. నూనె, వెనిగర్ రెండూ పలచనివే, మరి ఈ చిక్కదనం ఎక్కడిది? ఒకే సైజు గోళాలను ఎంత ఒద్దికగా పేర్చినా అవి స్థలంలో 74 శాతానికి మించి ఆక్రమించలేవు. సంతలో బత్తాయిలను గోపురంలా పేర్చే పద్ధతి ఆ గరిష్ఠ అమరికే. మన మిశ్రమంలో నూనె 75 శాతం. వేర్వేరు సైజులు కలిసి ఉండటంతో చిన్న బిందువులు పెద్దవాటి సందుల్లో ఇమిడినా, మొత్తం మీద బిందువులు కిక్కిరిసి ఉంటాయి. పక్కదాన్ని నెట్టకుండా ఏ బిందువూ జరగలేదు. ఆ ఇరుకునే మన నాలుక చిక్కదనంగా గుర్తిస్తుంది. నూనె పాలు ఇంకా పెరిగి, గుడ్డు సొన తోడైతే అదే మయొనీజ్ అవుతుంది.

ఏది నీటి పక్షం, ఏది నూనె పక్షం?

ఉప్పు నీటి పక్షం. నూనెలో అది కరగదు. నూనె పోశాక ఉప్పు వేస్తే స్ఫటికాలకు నూనె పట్టుకుని అవి అడుగున ఇసుకలా మిగిలిపోతాయి. కాబట్టి ఉప్పును ముందే వెనిగర్‌లో కరిగించాలి.

ఒరెగానో వాసన నూనె పక్షం. ఆ ఘాటుకు ముఖ్య కారణాలు కార్వక్రాల్, థైమాల్ అనే రసాయనాలు. వాములోని ప్రధాన సువాసన కూడా థైమాలే. ఒరెగానో డబ్బా మూత తీయగానే మనకు వాము గుర్తుకు రావడం ఊహ కాదు. ఈ రెండూ నీటిలో స్వల్పంగా, నూనెలో బాగా కరుగుతాయి. కాబట్టి ఒరెగానోను అరచేతిలో నలిపి నూనెలో వేసి పది నిమిషాలు వదిలేయాలి.

వెల్లుల్లి, ఆవపిండి రెండూ కొంచెం వేరు. వాటి ఘాటు ముందే తయారై ఉండదు. వెల్లుల్లి రెబ్బలో ఎలియిన్ అనే పదార్థం, దాన్ని మార్చే ఎంజైమ్ వేర్వేరు అరల్లో ఉంటాయి. దంచినప్పుడు రెండూ కలిసి ఎలిసిన్ పుడుతుంది. ఆవాల ఘాటు కూడా ఇలా ఎంజైమ్ వల్లనే, తడి తగిలాకే పుడుతుంది. ఈ ఎంజైములు గట్టి పులుపులో సరిగా పనిచేయవు, మరిగే నీటిలో చెడిపోతాయి. అందుకే దంచిన వెల్లుల్లిని ఒకటి రెండు నిమిషాలు, చల్లటి నీటితో తడిపిన ఆవపిండిని ఐదు నిమిషాలు ఉంచి, ఆ తర్వాతే వెనిగర్ కలపాలి.

టమాటాకు ఎర్ర రంగునిచ్చే లైకోపీన్, క్యారెట్‌లోని బీటా కెరోటిన్ నూనె పక్షం. కొవ్వు తోడు లేకపోతే పేగులు వాటిని సరిగా గ్రహించలేవు. అమెరికాలోని అయోవా స్టేట్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2004లో ప్రచురించిన అధ్యయనంలో కొందరికి ఒకే రకం సలాడ్‌ను కొవ్వు లేని, కొద్దిగా ఉన్న, ఎక్కువగా ఉన్న డ్రెస్సింగ్‌లతో ఇచ్చి చూశారు. కొవ్వు లేనప్పుడు కెరోటినాయిడ్లు రక్తంలోకి దాదాపు చేరలేదు. పాల్గొన్నవారు కొద్దిమందే అయినా, ఈ పదార్థాల స్వభావం ప్రకారం రావలసిన ఫలితమే అది. అలాగని నూనె కుమ్మరించనక్కర్లేదు. ఒక టేబుల్ స్పూన్ నూనెలో సుమారు 120 కేలరీలు ఉంటాయి.

తయారుచేసే క్రమం

1. ఒరెగానోను నలిపి నూనెలో వేసి పక్కన పెట్టండి.
2. ఆవపిండిని ఒక టీస్పూన్ చల్లటి నీటితో తడిపి ఐదు నిమిషాలు ఉంచండి. ఈలోగా వెల్లుల్లి రెబ్బను మెత్తగా దంచండి.
3. గిన్నెలో వెనిగర్ పోసి ఉప్పు పూర్తిగా కరిగించండి. అందులో వెల్లుల్లి, ఆవపిండి, మిరియాల పొడి కలపండి.
4. ఒరెగానో నానిన నూనెను మొదట చుక్కలుగా, తర్వాత సన్నటి ధారగా పోస్తూ ఫోర్క్‌తోగానీ చిన్న కవ్వంతోగానీ ఆగకుండా గిలక్కొట్టండి. మొదట్లోనే నూనె అంతా గుమ్మరిస్తే నీరు దాన్ని చుట్టుకోలేదు.
5. వడ్డించే ముందే సలాడ్‌ మీద పోయండి. ఉప్పు తగిలితే ద్రవాభిసరణ వల్ల కీరా, టమాటా ముక్కల్లోని నీరు బయటికి వచ్చి, డ్రెస్సింగ్ పలచబడి, ముక్కలు మెత్తబడతాయి.

మిగిలితే ఎక్కడ పెట్టాలి?

నూనెలో ముంచితే ఏదైనా నిల్వ ఉంటుందనేది మన వంటిళ్లలో గట్టి నమ్మకం. వెల్లుల్లి విషయంలో ఈ నమ్మకం ప్రమాదకరం.

క్లాస్ట్రీడియం బాట్యులినమ్ అనే బ్యాక్టీరియా మట్టిలో ఉంటుంది. దాని బీజాంశాలు నేలలో పండే వెల్లుల్లికి అంటుకుని రావచ్చు. గాలి తగులుతున్నంతవరకు అవి మొలకెత్తవు. ఈ బ్యాక్టీరియా పెరగడానికి గాలి లేని చోటు, తడి, గది ఉష్ణోగ్రత, తక్కువ ఆమ్లత కావాలి. పి.హెచ్. 4.6 కంటే ఎక్కువగా ఉంటే దానికి అనుకూలం. పచ్చి వెల్లుల్లి పి.హెచ్. అంతకంటే ఎక్కువే. రెబ్బలో తడి ఉంది. నూనె గాలిని అడ్డుకుంటుంది. వంటింటి గట్టు వెచ్చగా ఉంటుంది. వెల్లుల్లిని నూనెలో వేసి గట్టు మీద పెడితే ఈ నాలుగూ ఒకేచోట సమకూరినట్టే. అప్పుడు పుట్టే విషం నాడుల నుంచి కండరాలకు వెళ్లే సంకేతాలను ఆపేస్తుంది. ఊపిరి తీసుకునే కండరాలు కూడా చచ్చుబడవచ్చు. ఆ విషానికి రంగు, రుచి, వాసన ఉండవు. వేడి చేస్తే నశిస్తుంది కానీ డ్రెస్సింగ్‌ను ఎవరూ వేడి చేయరు.

ఇది జరిగిన సంగతే. 1985లో కెనడాలోని వాంకూవర్‌లో ఒక రెస్టారెంట్‌లో తిన్న 36 మందికి బాట్యులిజం సోకింది. నూనెలో నిల్వ చేసిన తరిగిన వెల్లుల్లిని ఫ్రిజ్ బయట ఉంచి వాడటమే కారణమని తేలింది. 1989లో న్యూయార్క్ రాష్ట్రంలోని కింగ్‌స్టన్‌లో ఇలాంటి వెల్లుల్లి వల్లనే మరో ముగ్గురు జబ్బుపడ్డారు. ఆ తర్వాత అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఇలాంటి ఉత్పత్తులకు ఆమ్లం కలపాలని ఆదేశించింది.

మన డ్రెస్సింగ్‌లో వెనిగర్ ఉంది కదా అనిపించవచ్చు. ఇక్కడ మళ్లీ మొదటి ప్రశ్నకు రావాలి. ఆమ్లం నీటి పక్షం. నూనె పొరలోకి అది చేరదు. వెనిగర్ తగలకుండా నూనెలోనే ఉండిపోయిన వెల్లుల్లి ముక్కకు పులుపు రక్షణ లేనట్టే. అందుకే వెల్లుల్లిని మెత్తగా దంచి ముందు వెనిగర్‌లో కలపమన్నది. అలా చేసినా ముక్క లోపలి వరకు పులుపు చేరిందో లేదో ఇంట్లో కొలవలేం. కాబట్టి వెల్లుల్లి వేసిన డ్రెస్సింగ్ మిగిలితే వెంటనే ఫ్రిజ్‌లో పెట్టి, నాలుగు రోజుల్లో వాడేయండి. ఆ తర్వాత వాసన బాగున్నా పారేయండి. ఎక్కువ రోజులు కావాలనుకుంటే వెల్లుల్లి లేకుండా చేసుకుని, తినే రోజు దంచి కలుపుకోండి.

ఫ్రిజ్‌లో ఆలివ్ నూనె మబ్బుగా మారి గడ్డకట్టవచ్చు. అది పాడవడం కాదు, అందులోని కొన్ని కొవ్వులు చల్లదనానికి పేరుకోవడం. పదిహేను నిమిషాలు బయట ఉంచి కుదిపితే మామూలవుతుంది.

మరి వెల్లుల్లి ఆవకాయ సంగతి?

ఆవకాయలోనూ వెల్లుల్లి, నూనె, ఆవపిండి ఉంటాయి. అది ఏడాది నిలుస్తుంది. తేడా ఏమిటంటే అక్కడ వెల్లుల్లి చుట్టూ పచ్చి మామిడి పులుపు, బోలెడంత ఉప్పు కలిసిన ఊట ఉంటుంది. ఉప్పు 10 శాతానికి చేరిన నీటిలో ఈ బ్యాక్టీరియా పెరగలేదు, పులుపు దాన్ని మరింత అణచేస్తుంది. పైన తేలే నూనె ముఖ్యంగా గాలిని, బూజును అడ్డుకుంటుంది. ఆవకాయను కాపాడేది ప్రధానంగా ఉప్పు, పులుపు. ఉప్పు తగ్గించి, పులుపు లేకుండా, నూనె మాత్రమే పోసి అది ఆవకాయలా నిలుస్తుందనుకోవడం తప్పు.

ఇంట్లో చేసి చూడండి

రెండు ఒకేలాంటి సీసాల్లో ఒక్కో చెంచా వెనిగర్, మూడేసి చెంచాల నూనె పోయండి. ఒకదాంట్లో తడిపిన ఆవపిండి కలపండి. రెండింటినీ అర నిమిషం కుదిపి, విడిపోవడానికి ఎంతసేపు పడుతుందో గడియారం చూసి రాసుకోండి. పిల్లలతో చేయిస్తే ఎమల్షన్ పాఠం ఇక మరచిపోరు.

రెండో ప్రయోగం ఇంకా తేలిక. గిలక్కొట్టిన డ్రెస్సింగ్‌ను ఒక చుక్క గ్లాసు నీటిలో వేయండి. పాలచుక్కలా తెల్లగా పరుచుకుంటే అందులో బయట ఉన్నది నీరు. నూనెచుక్కలా పైన తేలితే బయట ఉన్నది నూనె. మీ సీసాలో ఏది దేన్ని చుట్టుకుందో మైక్రోస్కోప్ లేకుండానే తెలిసిపోతుంది.